తిరగని బేరింగుకు అరుగుదల

తిరిగే యంత్రం అరుగుతుంది. కదలక ఉన్నది పదిలంగా ఉంటుంది. ఇది లోకానుభవం. బాల్ బేరింగుల విషయంలో మాత్రం ఈ నమ్మకం ఒక్కొక్కప్పుడు తలక్రిందులవుతుంది.

కర్మాగారాలలోను, ఓడల ఇంజను గదులలోను ముఖ్యమైన పంపులను జంటగా అమర్చుతారు. ఒకటి నడుస్తుంటే రెండవది అక్కరకోసం వేచి ఉంటుంది. నెలల తరువాత మొదటిది ఆగిపోతే రెండవదానిని నడుపుతారు. కొద్దిసేపటికే అది రొద చేయనారంభిస్తుంది. విప్పి చూస్తే బేరింగులోని ఉక్కు దారిమీద, గోళీకీ గోళీకీ నడుమ ఉన్నంత ఎడంలోనే వరుసగా గుంటలు! ఇన్నాళ్ళూ తిరగనే తిరగని యంత్రానికి ఈ గాయాలెక్కడివి?

ప్రక్కన నడుస్తున్న పంపు చేసినవే. దాని కంపనం పునాదిగుండా ప్రాకి, నిలిచి ఉన్న గోళీలను ఉన్నచోటనే అటూ ఇటూ కదిలిస్తుంది. ఆ కదలిక కంటికి కనబడనంత స్వల్పం. గోళీ దొర్లేటప్పుడు కందెనను తన క్రిందికి లాగుకొని పలుచని పొరను ఏర్పరచుకుంటుంది. ఉక్కును ఉక్కునుండి వేరుచేసేది ఆ పొరే. ఉన్నచోటనే వణికే గోళీకి ఆ అవకాశం లేదు. క్రిందనున్న గ్రీజు ప్రక్కకు తొలగి, మళ్ళీ రాదు. అప్పుడు ఉక్కు ఉక్కును తాకుతుంది. సూక్ష్మమైన మిట్టలు ఒకదానికొకటి అతుక్కొని, ఊడి, రజనుగా రాలుతాయి. ఆ రజను గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఎర్రని పొడిగా మారి, సానరాయి పొడివలె మరింత అరగదీస్తుంది. తేమవల్ల తుప్పు పట్టిందని చూసినవారు పొరబడటం సహజమే.

ఈ గుంటలకు 'ఫాల్స్ బ్రినెల్లింగ్' అని పేరు. స్వీడన్ ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో, గట్టి గోళీని లోహంలోకి నొక్కి, పడిన గుంటనుబట్టి కాఠిన్యాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. అధిక భారంవల్ల బేరింగులో పడే నొక్కుకు ఆయన పేరే వచ్చింది. ఆ నిజమైన నొక్కులో లోహం అణుగుతుందేగాని పోదు. అడుగున సానపట్టిన గీతలు ఇంకా కనిపిస్తాయి. బూటకపు నొక్కులో లోహంతోపాటు గీతలూ పోతాయి.

అమెరికాలో డెట్రాయిట్‌నుండి కొత్త కార్లను రైళ్ళలో పంపిన రోజుల్లో ఈ బెడద పేరుకెక్కింది. రోడ్డెక్కని కార్ల చక్రాల బేరింగులు గమ్యం చేరేసరికే చెడిపోయేవి. ఇందులో కందెనల పాత్రను గురించి ఆల్మెన్ అనే పరిశోధకుడు 1937లో వ్యాసం ప్రచురించాడు.

గుంట పడ్డాక ఎంత గ్రీజు పెట్టినా ప్రయోజనం లేదు, బేరింగు మార్చవలసిందే. వేచి ఉన్న పంపు ఇరుసును అప్పుడప్పుడు చేతితో త్రిప్పి, గోళీలు కొత్త చోట నిలిచేటట్లు చూడాలి. రెండు పంపులనూ వంతులవారీగా నడపడం అంతకన్న మేలు. రవాణాలో ఇరుసు కదలకుండా బిగించాలి. కొత్త బేరింగులను కంపనం లేనిచోట భద్రపరచాలి. కంప్రెసరు గది గోడనానుకొన్న అలమర అందుకు తగిన చోటు కాదు.