లేసు కండెల జీవితకథ

నరసాపురపు లేసు నెరిగిన తెలుగువారికి ఆ పని కొక్కెపు సూదితో నడచునని తెలియును. 16వ శతాబ్దమున వెనీసులోను ఫ్లాండర్సులోను వర్ధిల్లి, పిమ్మట ఇంగ్లండునకు చేరిన వేరొక లేసునకు ఆ సూదితో ప్రధానమైన పనిలేదు. గడ్డి కూరిన గట్టి దిండుపై చిల్లులు పొడిచిన చర్మపత్రమును పరచి, దానిపై గుండుసూదులు నాటి, వాని నడుమ పదుల కొలది, ఒక్కొక్కప్పుడు వందల కొలది దారములను జడకోలాటపు త్రాళ్లవలె ఒకదానిపై నొకటి దాటించుచు అల్లుకొని పోవుటయే ఆ విద్య. ప్రతి దారపు కొనకును ఒక పిడి కావలెను. ఆ పిడియే బాబిను అనబడు సన్నని కండె.

కండె తన మెడపై దారమును చుట్టుకొని దాచును. వ్రేళ్ల మురికి దారమున కంటకుండ పట్టు నిచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, తన బరువుచేత దారమును బిగువుగా నిలుపును. అల్లిక ఎంత జటిలముగా కన్పట్టినను దాని మూలమున నున్నవి రెండే కదలికలు. రెండు జతలను, అనగా నాలుగు కండెలను తీసికొని, నడిమి రెంటిలో ఎడమదానిని కుడిదానిపైకి దాటించుట ఒకటి; ప్రతి జతలోను కుడిదానిని ఎడమదానిపైకి మెలివేయుట రెండవది. పూవులు, ఆకులు, జాలులు సమస్తమును వీనినుండియే పుట్టుచున్నవి. కండె మిక్కిలి బరువైనచో సన్నని దారము తెగును. మిక్కిలి తేలికయైనచో అల్లిక వదులగును. కావున కండెల నేరుకొనువారు నగిషీని చూచుటకు ముందే కండెను అరచేత నుంచి బరువు నెరుగవలెను.

ఆకారమునకును కారణము పనియే. డెవన్ మండలపు హానిటన్ లేసులో పూవులను విడివిడిగా అల్లి కలుపునప్పుడు చిన్న ఉచ్చుగుండ కండెనే దూర్చవలసి యుండును. అందువలన అక్కడి కండె నున్నగా, తేలికగా, కొన మొనదేలి యుండును. బెడ్‌ఫర్డుషైరు, బకింగ్‌హాంషైరు, నార్తాంప్టన్‌షైరు పల్లెలలోనో, అట్లు దూర్చు నవసరము అరుదగుటచే, కండె అడుగున రంధ్రము చేసి, తీగకు గాజుపూసలు గ్రుచ్చి వలయముగా తగిలించిరి. ఆ పూసలు బరువు నిచ్చుటయే గాక, కండె దిండుపై దొర్లి దారపు పురి విప్పకుండ కాపాడును. దేని రంగు దానిదే యగుటచే, గుంపులో కావలసినదానిని కన్ను చప్పున పోల్చుకొనును.

ఈ మండలముల ఎముక కండెలయందే నా మనస్సు అధికముగా నిలుచును. వానిపై చిన్నచిన్న చుక్కలుగా గుంటలు తొలిచి, వానిలో ఎరుపు, నీలి, నలుపు రంగులు నింపి, అక్షరములు తీర్చెడివారు. చదువుటకు కండెను వ్రేళ్ల నడుమ మెల్లగా త్రిప్పవలెను. అప్పుడొక ప్రియురాలి పేరో, మరణించిన శిశువు జ్ఞాపకమో, వివాహ సంవత్సరమో బయటపడును. 1843లో సారా డాజ్లీ, 1860లో జోసెఫ్ కాజిల్ బెడ్‌ఫర్డు కారాగారమున ఉరితీయబడినప్పుడు వారి పేర్లును కండెల కెక్కినవి. సేకర్తలు ఇట్టివానికై పోటీపడుదురు. పేదరికమున పగలంతయు దిండుపై వంగి పనిచేసిన స్త్రీలకు ఊరటగా నుండిన సామాన్యపు పేర్ల కండెలే నాకు వీనికంటె విలువైనవిగా తోచును.

యంత్రము వచ్చినను కండె పోలేదు, రూపు మార్చుకొనినది. జాన్ హీత్‌కోట్ చేతి అల్లికను శ్రద్ధతో పరిశీలించి, 1808, 1809 సంవత్సరములలో పేటెంట్లు పొంది నిర్మించిన యంత్రమున, నిలువు దారముల ఇరుకు సందులలో దూరుటకై కండె పలుచని లోహపు బిళ్లగా మారెను. 1816లో లఫ్‌బరోలోని ఆయన కర్మాగారముపై లడ్డైట్లను యంత్రవిరోధులు దాడిచేసి 50కి పైగా యంత్రములను ధ్వంసము చేయగా, ఆయన డెవన్‌లోని టివర్టనునకు తరలిపోయెను. కాలక్రమమున యంత్రపు లేసు ముందు చేతి పని ధర నిలువక, పల్లెల దిండ్లు అటకల కెక్కెను.

ఆ అటకలనుండి దిగిన కండెలనే నేడు సేకర్తలు వెదకుచున్నారు. పూసల వలయము పలుమారులు తెగి మరల గ్రుచ్చబడును గనుక, పూసలనుబట్టి కండె వయస్సు నిర్ణయింపరాదు. దిండుపై వాడదలచినవారు తల క్రింది గాడిని గోటితో తడిమి చూడవలెను. దారమును జారకుండ ముడివేసి నిలుపు చోటది. అక్కడ పెచ్చు లేచియున్నచో, కండె ఎంత ప్రాచీనమైనను, సన్నని దారమును కోయును.