పాత క్రూయిజరుకు క్రొత్త షాకబ్జార్బర్లు

ధరణికోట నుండి ఒక శ్రోత మాకు ఒక ప్రశ్న వ్రాసి పంపినారు. వారి వద్ద పాత థండర్‌బర్డ్ మోటారుసైకిలు ఉన్నది. దాని వెనుక షాకబ్జార్బర్లు రెండింటి నుండియు ఆయిలు కారుచున్నది. వారు పొట్టివారగుటచే, బండి నిలిపినప్పుడు మడమలు నేలకు ఆనవు. వృద్ధురాలైన తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని వారమునకొకసారి గుంటూరు వైద్యశాలకు పోవలసియున్నది. క్రొత్తవి వేయించునప్పుడే పొట్టి షాకబ్జార్బర్లు వేయించి బండిని ఒక అంగుళము దించినచో రెండు పనులును ఒక్కసారిగా తీరవా అని వారి ప్రశ్న. ఇట్టి ఆలోచన పలువురికి కలుగుచున్నది గావున, మా సమాధానమును కొంత విస్తరించి చెప్పుచున్నాము.

థండర్‌బర్డ్ 2002లో మార్కెట్టునకు వచ్చినది. 2020లో దాని తయారీ నిలిచిపోయి, అదే సంవత్సరము నవంబరులో మీటియర్ 350 దాని స్థానమును ఆక్రమించినది. కనుక ఈ బండి విడిభాగములు ప్రతి దుకాణములోను దొరకవు. దొరికినదానిని బిగించి సరిపెట్టుకొను ప్రలోభము ఇక్కడనే పుట్టును. దానికి లోబడుటకు ముందు, ఆ వస్తువు చేయు పని యేమో తెలిసికొనుట మేలు.

షాకబ్జార్బరు అని మనము పిలుచునది నిజమునకు రెండు పరికరముల కూడిక. పైకి కనిపించు స్ప్రింగు బరువును మోయును. చక్రము గోతిలో పడినప్పుడు అణగి ఆ దెబ్బను తనలో దాచుకొనును. కాని దాచుకొన్నదానిని వెంటనే తిరిగి ఇచ్చివేయుట స్ప్రింగు స్వభావము. దానినొక్కదానిని నమ్ముకొన్నచో బండి ఉయ్యాలవలె ఊగుచునే యుండును. ఆ ఊపును అణచుటకే లోపలి గొట్టములో ఆయిలు, పిస్టను అమర్చబడినవి. పిస్టనునకు గల సన్నని రంధ్రములలో ఆయిలు ఇరుకున దూరిపోవునప్పుడు ఊపులోని శక్తి వేడిమిగా మారి గాలిలో కలిసిపోవును. సీలు చెడి ఆయిలు కారిపోయిన పిదప మిగులునది స్ప్రింగు మాత్రమే.

దీనిని పరీక్షించుట సులభము. బండి వెనుక భాగమును రెండు చేతులతో గట్టిగా అదిమి విడువవలెను. ఒక్కసారి లేచి కుదురుకొన్నచో భయము లేదు. రెండు మూడు మార్లు ఊగినచో లోపలి పని ఆగిపోయినట్లే. కడ్డీపై ఆయిలు తడియు, దానికి అంటుకొన్న దుమ్మును అదే సంగతిని చెప్పును.

ఇక దించుట మాట. వెనుక చక్రము స్వింగ్ ఆర్మ్ చివరనుండి ఊగును. షాకబ్జార్బరు క్రింది బోల్టు సాధారణముగా ఇరుసునకు కొంచెము ముందుండును. ఉదాహరణకు, స్వింగ్ ఆర్మ్ కీలు నుండి ఇరుసునకు 500 మిల్లీమీటర్లు, బోల్టునకు 450 అనుకొందము. 27 మి.మీ. పొట్టిదానిని వేసినచో ఇరుసు వద్ద బండి 30 మి.మీ. దిగును. షాకబ్జార్బరు వాలుగా నున్నచో మరికొంత ఎక్కువ దిగును. కాని నడుపువాడు ఇరుసుపై కూర్చుండడు. రెండు చక్రముల నడిమి దూరములో వెనుకనుండి మూడవ వంతున కూర్చున్నాడనుకొందము. ముందు చక్రము వద్ద ఏమియు దిగలేదు గావున, అతని సీటు దిగునది 20 మి.మీ. మాత్రమే.

ఆ 20 మి.మీ.లకు మనము చెల్లించు మూల్యమెంత? మొదటి షాకబ్జార్బరు 80 మి.మీ. వరకు అణగుననుకొన్నచో, పొట్టిదానికి మిగులు అణకువ 53. స్ప్రింగు దాచుకొనగల శక్తి అణకువ యొక్క వర్గమును బట్టి యుండును. అదే బిగువు గల స్ప్రింగు ఇప్పుడు దాచుకొనగలది మునుపటిలో నూటికి సుమారు 44 వంతులే. ఆ లోటును పూరింపవలెనన్నచో స్ప్రింగు బిగువు రెండింతలకు మించవలెను. అప్పుడు చిన్న గతుకులన్నియు నేరుగా నడుమునకు తగులును. వెనుక కూర్చుండువారు ఇరుసునకు దగ్గరగా నుందురు గావున, ఆ దెబ్బ ముందుగా తగులునది తల్లిగారి వెన్నునకే.

మిగిలిన చిక్కులును కలవు. వెనుక భాగము దిగినచో ముందు ఫోర్కు మరింత వాలి, హ్యాండిలు మందముగా తిరుగును. హెడ్‌లైటు కాంతి పైకి లేచి ఎదురువచ్చువారి కన్నులలో పడును. సైడు స్టాండుపై బండి దాదాపు నిటారుగా నిలిచి, అవతలి ప్రక్కకు ఒరిగిపోవచ్చును. సెంటర్ స్టాండు వేయుటకు ఎక్కువ బలము కావలెను. చైను బిగువును మరల సరిచూచుకొనవలెను. పల్నాటి నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలువారును. దానిపై వేసిన రోడ్డు అలలు తిరుగును. అట్టి దారిలో, ఎత్తయిన స్పీడు బ్రేకర్ల మీద, దించిన బండి అడుగు రాచుకొనును. 1960 దశకములో ధరణికోటలో జరిగిన త్రవ్వకములలో ప్రాచీనమైన రేవు ఆనవాళ్లు బయటపడినవి. ఆ రేవులో పడవ నడిపినవారు ఎంత సరకు ఎక్కించినను, నీటికి పైన కొంత అంచు మిగిల్చియే యుందురు. బండి క్రింది ఖాళీయు అట్టి అంచే.

మరి మడమలు నేలకు ఆనుట యెట్లు? సీటు విప్పించి, లోపలి స్పాంజిని నడుపువాడు కూర్చుండుచోట 20 మి.మీ. కోయించినచో, ఆ 20 మి.మీ.లును పూర్తిగా లభించును. షాకబ్జార్బరు అణకువలో ఒక్క మిల్లీమీటరైనను పోదు. సీటు ముందు అంచులను ఇరుప్రక్కల సన్నగించినచో కాళ్లు ఎడముగా చాచవలసిన పని తగ్గి, ఇంకను కొంత కలిసివచ్చును. తల్లిగారు కూర్చుండు భాగమును ముట్టనక్కరలేదు.

షాకబ్జార్బర్లను వెదకుటకు బయలుదేరుటకు ముందు కొన్ని కొలతలు వ్రాసికొనవలెను. బరువు లేనప్పుడు పై బోల్టు రంధ్రపు నడిమి నుండి క్రింది బోల్టు రంధ్రపు నడిమికి గల పొడవు మొదటిది. బుష్ లోపలి రంధ్రము, దాని వెడల్పు, ఎంతవరకు అణగునో ఆ కొలత తరువాతివి. బండి తయారైన సంవత్సరము, ఛాసిస్ నంబరు చెప్పి, మొదట కంపెనీ విడిభాగముల దుకాణములో అడుగవలెను. అక్కడ లేనిచో గుంటూరులోనో విజయవాడ ఆటోనగర్‌లోనో, పేరుగల తయారీదారుల సరకులో ఈ కొలతలకు సరిపోవు దానిని వెదకవలెను. ఏండ్ల తరబడి అలమరలో నున్నదానికి రబ్బరు బుష్‌లు గట్టిపడి, సీలు ఎండిపోయి యుండవచ్చును. విప్పిన బండ్ల నుండి తీసినవి చవుకగా దొరకును గాని, వాటి లోపలి ఆయిలునకు పూచీపడువారు లేరు. ఒకటి మాత్రమే చెడినను రెండింటిని కలిపియే మార్చవలెను. లేనిచో ఒక ప్రక్క మెత్తగను, ఒక ప్రక్క బిగువుగను ఉండి బండి మలుపులలో తూలును.

రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవాటికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. ఈ సంగతిని గూడ మనస్సునందుంచుకొనుట మంచిది.

కనుక ధరణికోట శ్రోతకు మా సమాధానమిది: షాకబ్జార్బర్లను మార్పించుడు, కాని మొదటి పొడవుగలవానినే వేయించుడు, తగ్గింపవలసినది సీటు. బిగించిన తరువాత మొదటి ప్రయాణము గుంటూరునకు వలదు. తల్లిగారిని కూర్చుండబెట్టుకొని ఊరిలోనే నెమ్మదిగా ఒక స్పీడు బ్రేకరు దాటి, ఎట్లున్నదని వారినే అడుగుడు. ఈ విషయములో వారి మాటయే తుది తీర్పు.