మొదటి మైక్ కొనే ముందు మీ గదిని ఒకసారి వినండి

నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. "అన్నా, ఇంట్లో పాటలు రికార్డ్ చేసుకోవాలి, తక్కువలో మంచి మైక్ ఏదో చెప్పు." మోడల్ పేర్లు చెప్తాను, కంగారు పడకండి. అంతకంటే ముందు ఒక చిన్న పని. వీడియో పాజ్ చేసి, మీరు రికార్డ్ చేయబోయే గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయిందా, లేక గోడల మధ్య ఖంగుమని తిరిగిందా? కింద టైల్స్, చుట్టూ సిమెంటు గోడలు, పైన స్లాబు. మన ఇళ్లల్లో చాలా గదులు ఖంగుమనేవే. మీకు ఎలాంటి మైక్ కావాలో సగం ఆ చప్పుడే చెప్పేస్తుంది.

నేను ఇది డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నాను. డిగ్రీ చదివేటప్పుడు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులతో ఆన్‌లైన్‌లో ఒక కండెన్సర్ మైక్ కిట్ తెప్పించాను. స్టాండు, పాప్ ఫిల్టరు, స్పాంజి టోపీ అన్నీ బాక్సులోనే వచ్చాయి. చూడ్డానికి అచ్చం సినిమా పాటల మేకింగ్ వీడియోల్లో కనిపించే మైక్‌లాగే ఉంది. దాంతో ఒక కథ చదివి, ఆడియో కథలు చేసేవాళ్లకి శాంపిల్ పంపించాను. "మీ గొంతు కంటే మీ రూమే ఎక్కువ వినిపిస్తోంది" అని జవాబొచ్చింది. వాళ్లు చెప్పింది రూమ్ గురించి. నాకు అర్థమైంది మాత్రం నా గొంతు బాలేదని. దాదాపు ఏడాది మళ్లీ రికార్డింగ్ జోలికి పోలేదు.

తర్వాత వినాయక చవితి పందిరి దగ్గర మా వీధి మైక్ సెట్ అన్నతో మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, జాలీకి సొట్ట పడిన ఒక పాత స్టేజి మైక్ తీసి చేతికిచ్చాడు. "దీంతో చదివి చూడు తమ్ముడూ. నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టు." ఇంటికెళ్లి ఇంటర్‌ఫేస్‌కి తగిలించి, అదే గదిలో అదే కథ చదివాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను. గది దాదాపు మాయమైపోయింది. గొంతు మిగిలింది.

ఇక్కడ చాలామంది చెప్పే మాట ఒకటుంది. "డైనమిక్ మైక్ రూమ్ సౌండ్ తీసుకోదు, కండెన్సర్ తీసుకుంటుంది" అని. ఇది సగమే నిజం. డైనమిక్‌లో పల్చటి పొరకి తీగచుట్ట అంటించి ఉంటుంది. అది అయస్కాంతం దగ్గర కదిలితే సిగ్నల్ పుడుతుంది. ఆ చుట్ట బరువు వల్ల మరీ సన్నటి శబ్దాలకి అంత చురుగ్గా కదలదు. కండెన్సర్‌లో ఆ బరువు లేదు, అందుకే చిన్న చప్పుడు కూడా స్పష్టంగా వస్తుంది. అంతవరకూ కరెక్టే. కానీ నా రికార్డింగ్‌ని నిజంగా మార్చింది ఆ నాలుగు వేళ్ల దూరం.

లెక్క చూడండి. నోటికీ మైక్‌కీ మధ్య దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండడుగుల నుంచి అరడుగుకి వస్తే 12. గదిలో తిరిగే ప్రతిధ్వని మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. ఇప్పుడు గొంతు పెరిగింది కాబట్టి గెయిన్ తగ్గిస్తారు. దాంతోపాటు ప్రతిధ్వనీ తగ్గుతుంది, ఫ్యాను చప్పుడూ తగ్గుతుంది. నేను రెండడుగుల దూరంలో హుందాగా కూర్చుని చదివేవాణ్ణి మరి! తర్వాత నా పాత కండెన్సర్‌ని కూడా దగ్గరికి తెచ్చి చూశాను. అదీ చాలావరకు బాగుపడింది. ఏడాది ముందే ఈ పని చేసి ఉంటే పోయేది.

మరీ దగ్గరైతే రెండు ఇబ్బందులు. ఒకటి, బేస్ పెరిగి గొంతు ఉబ్బినట్టు వినిపిస్తుంది. రెండోది గాలి దెబ్బ. "పప్పు, భోజనం, ఫలహారం" అని చదివి వినండి. ప, భ, ఫ దగ్గర ధబ్‌మని కొడుతుంటే మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి జరిపి, నోటి వైపు తిప్పి పెట్టండి.

ఇక మోడల్స్. ఫోన్ ఒక్కటే ఉంది, చేసేది మాటల వీడియోలు అంటే బోయా బీవై-ఎం1 లాంటి కాలర్ మైక్ సరిపోతుంది. కానీ అది అన్ని వైపుల నుంచీ శబ్దం తీసుకుంటుంది, పాటలకి వద్దు. పైగా అది 3.5 ఎంఎం జాక్‌ది. మీ ఫోన్‌కి ఆ రంధ్రం లేకపోతే అడాప్టర్ కావాలి.

ఖంగుమనే గదిలో పాడేవాళ్లకి నేను మొదట చెప్పేది యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉన్న డైనమిక్ మైక్. శాంసన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్, మావోనో పీడీ200ఎక్స్ ఇలాంటివే. ఇవాళ ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో నేరుగా పెట్టుకోవచ్చు. రేపు ఇంటర్‌ఫేస్ కొన్నాక కూడా ఇదే మైక్ పనికొస్తుంది. మైక్‌కే హెడ్‌ఫోన్ జాక్ ఉంటుంది కాబట్టి ట్రాక్ వింటూ పాడేటప్పుడు మీ గొంతు ఆలస్యంగా వినబడి తాళం తప్పే బాధ ఉండదు.

ఇంటర్‌ఫేస్ ఇప్పటికే ఉంటే బెరింగర్ ఎక్స్‌ఎం8500 చాలా చవక, మొదలుపెట్టడానికి చాలు. ఇంకొంచెం పెట్టగలిగితే షూర్ ఎస్‌ఎం58. 1966 నుంచి వస్తున్న మోడల్ అది, కింద పడినా పనిచేస్తుందని పేరు. అంత పేరుంది కాబట్టే నకిలీలూ ఎక్కువ. ఎక్కడైనా సగం ధరకి కనిపిస్తే ఆశపడకండి.

పాడ్‌కాస్టుల్లో అందరి ముందూ కనిపించే ఎస్‌ఎం7బీ మొదటి మైక్‌గా వద్దంటాను. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' గొంతు రికార్డ్ చేసింది దాని పాత రూపం ఎస్‌ఎం7 మీదే, నిజమే. కానీ దాని సిగ్నల్ చాలా తక్కువ, దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ అడుగుతుంది. చవక ఇంటర్‌ఫేస్ అంత లాగేసరికి గొంతుతోపాటు 'స్‌స్' అనే చప్పుడు కూడా వస్తుంది.

చప్పట్లు ఖంగుమనలేదా? పరుపు, బట్టలు, పుస్తకాలతో నిండిన నిశ్శబ్దమైన గది ఉందా? అప్పుడు కండెన్సర్ హాయిగా కొనండి. ఏటీ2020 మంచి ఆరంభం. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, ఆ బటన్ నొక్కడం మర్చిపోకండి. ఇంకో సంగతి, దాంట్లోకి పక్క నుంచి పాడాలి, పై కొన లోంచి కాదు. నవ్వకండి, నేను మొదటి కండెన్సర్‌తో రెండు వారాలు ఆ కొనలోకే పాడాను.

కాలర్ మైక్ తప్ప నేను చెప్పినవన్నీ ముందు వైపు బాగా విని, వెనక వైపు తక్కువ వినే రకం. కాబట్టి రోడ్డు వైపు కిటికీకి మైక్ వీపు పెట్టండి. అంటే మీరు కిటికీ వైపు చూస్తూ పాడతారు. అప్పుడు మైక్ ముందు వైపుకి మీతోపాటు మీ వెనక గోడ కూడా వినిపిస్తుంది. అందుకే బొంత కట్టాల్సింది మీ వెనక. చాలామంది మైక్ వెనక కడతారు. బొంత ప్రతిధ్వనిని తగ్గిస్తుంది కానీ బయటి హారన్లని ఆపలేదు, కోడిగుడ్ల అట్టలూ ఆపలేవు. దానికి తెల్లవారుజామే మందు.

బడ్జెట్ మొత్తం మైక్‌కే పోయకండి. స్టాండుకీ, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్‌కీ కొంత ఉంచండి. చేత్తో పట్టుకుని పాడితే ఆ నాలుగు వేళ్ల దూరం పల్లవిలో ఒకలా, చరణంలో ఇంకోలా ఉంటుంది.

ఆ కథ మళ్లీ పంపావా అని అడుగుతారేమో. ధైర్యం తెచ్చుకుని చూసేసరికి వాళ్ల గడువు అయిపోయింది. వేరేచోట పంపాను, అలా మొదలైంది. సొట్ట మైక్ ఇంకా నా దగ్గరే ఉంది. ప్రతి చవితికీ అన్న అడుగుతాడు, ఇంకో ఏడాది అంటాను. వచ్చే ఎపిసోడ్‌లో ఇంటర్‌ఫేస్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.