రోజూ పక్షుల్ని లెక్కపెడితే ఏమొస్తుంది?

ఒకసారి ఫోన్‌లో స్కాట్లండ్ మ్యాప్ ఓపెన్ చేయండి. పైన ఆర్క్‌నీ, షెట్లండ్ అని రెండు దీవుల గుంపులు ఉంటాయి. వాటి మధ్యలో చుక్కలా కనిపించేదే ఫెయిర్ ఐల్. పొడవు సుమారు 5 కిలోమీటర్లు, అంతే. 1948లో జార్జ్ వాటర్‌స్టన్ అక్కడ బర్డ్ అబ్జర్వేటరీ మొదలుపెట్టారు. వలసల సీజన్‌లో వాళ్లు రోజూ దీవంతా నడిచి, కనిపించిన పక్షుల్ని లెక్కపెట్టి, సాయంత్రం లాగ్‌లో రాస్తారు.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. అక్కడ వాతావరణం పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. నిన్న 10 పక్షులు, ఇవాళ 300 కనిపించాయనుకోండి. పక్షులు పెరిగినట్టా? కాదు. ఆగ్నేయం గాలి, దానికి తోడు వాన వస్తే వలసపక్షులు దారి మళ్లి అక్కడ దిగుతాయి. వాతావరణం బాగుపడగానే వెళ్లిపోతాయి.

మరి అసలు మార్పుని ఎలా పట్టుకుంటారు? రూల్స్‌తో! దీవి అంచున కొండచరియల మీద ఉండే గిల్లిమాట్ అనే సముద్రపక్షినే తీసుకోండి. ఏటా చరియలో అవే భాగాలు. జూన్ 1 నుంచి 21 లోపు, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 మధ్యలోనే లెక్క. కనీసం 5 వేర్వేరు రోజులు లెక్కించి సగటు తీస్తారు. జోరువాన, పొగమంచు, గట్టి గాలి ఉంటే ఆ రోజు లెక్క లేదు. మన భాషలో చెప్పాలంటే నాయిస్ తగ్గించి సిగ్నల్ పట్టుకోవడం.

ఇప్పుడు అసలు విషయం. కిట్టివేక్ అని సీగల్ జాతిలో ఒక పక్షి ఉంది. ఫెయిర్ ఐల్‌లో 1980ల చివర్లో వీటి గూళ్లు సుమారు 19 వేలు. 2013కి వెయ్యి కూడా లేవు. ఒక్క ఏడాది తగ్గితే వాతావరణం వల్లే అనుకోవచ్చు. పాతికేళ్లు ఒకే పద్ధతిలో లెక్కపెట్టాక ఆ మాట చెల్లదు. ఇవి తినే శాండ్ ఈల్ అనే చిన్న చేపలు తగ్గిపోవడమే ముఖ్య కారణం. సముద్రం వేడెక్కడానికీ దీనికీ సంబంధం ఉంది.

2019 మార్చిలో అబ్జర్వేటరీ బిల్డింగ్ కాలిపోయింది. రికార్డులు అప్పటికే డిజిటైజ్ చేసి ఉండటంతో డేటా బతికింది. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాడిగా ఒకటే చెప్తా: బిల్డింగ్ మళ్లీ కట్టుకోవచ్చు, 1950 నాటి లెక్క మళ్లీ పెట్టలేం కదా!

ఇది మీరూ చేయొచ్చు. ఈబర్డ్ యాప్ వేసుకోండి. మీ ఊరి చెరువు దగ్గర రోజూ అదే టైమ్‌కి 15 నిమిషాలు చూడండి. కాకే కదా, గోరింకే కదా అని వదలకుండా, గుర్తుపట్టినవన్నీ రాసి కంప్లీట్ చెక్‌లిస్ట్‌గా పంపండి. అలా పంపితేనే కనిపించని పక్షి కూడా డేటా అవుతుంది. "మీ ఊళ్లో పిచ్చుకలు తగ్గాయా?" అని పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే, "తగ్గినట్టున్నాయి" అనకుండా లెక్క చూపించొచ్చు.