మెడనొప్పా? ముందు పాదాలు చూసుకోండి

"మెడ పట్టేసింది సిస్టర్, భుజాల మీద రాయి పెట్టినట్టుంది" అంటూ ఓపీకి వచ్చే స్త్రీలలో కుట్టుమిషను మీద పనిచేసేవారు చాలామంది. బామ్ రాస్తారు, కాపడం పెడతారు, మాత్ర వేసుకుంటారు. రెండు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. కుట్టుకూలితో పిల్లల ఫీజులు కట్టే తల్లికి "పని మానెయ్యమ్మా" అని చెప్పడం సులువే గాని, ఆమె మానలేదు. కాబట్టి ఆమె ఎలా కూర్చుంటున్నదో చూడాలి. అందులోనూ పాదాలు ఎక్కడ ఉంటున్నాయో చూడాలి.

నొప్పి మెడలో ఉంటే పాదాలతో పనేమిటని నవ్వేవారున్నారు. ఇప్పుడే ఒకసారి చేసి చూడండి. కుర్చీ అంచుకు జారి, కాళ్ళు ముందుకు చాపి కూర్చోండి. నడుము గుండ్రంగా వంగుతుంది, గడ్డం ముందుకు వస్తుంది. ఇప్పుడు వెనక్కు జరిగి, రెండు పాదాలు మోకాళ్ళ కిందకు తెచ్చి నేలకు పూర్తిగా ఆనించండి. వీపు లేస్తుంది, తల భుజాల మీదికి వస్తుంది.

మిషను దగ్గర జరిగేదీ ఇదే. స్టూలు ఎత్తుగానో దూరంగానో ఉంటే పెడలు అందుకోవడానికి తెలియకుండానే అంచుకు జారుతాము. నడుము వంగితే వీపు, వీపు వంగితే మెడ వంగుతాయి. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. తలను 30 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద భారం సుమారు 18 కిలోలకు చేరుతుందని 2014లో ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు లెక్కగట్టారు. ఆ తల వాలిపోకుండా మెడ వెనుక నుండి భుజాల దాకా పరచుకున్న కండరాలు గంటలకొద్దీ బిగపట్టి ఉంటాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో అర్ధరాత్రి దాకా కుట్టేవారి సంగతి చెప్పనే అక్కరలేదు.

మోకాలి మడత నుండి నేల వరకు ఉన్న ఎత్తే స్టూలుకు సరిపోతుంది. స్టూలును మిషను దగ్గరకు లాక్కొని, తొక్కుడు మిషనైతే రెండు పాదాలూ పెడలు మీద పూర్తిగా ఉంచండి.

ఇప్పుడు చాలామంది మోటారు పెట్టించుకున్నారు. శ్రమ తగ్గింది, నిజమే. కాని ఆ చిన్న పెడలు ఒక పాదానికే సరిపోతుంది. కుడికాలు దాని మీద, ఎడమకాలు ఎక్కడో మిషను కాలికి తన్నిపెట్టి ఉంటే ఒళ్ళంతా ఒక పక్కకు ఒరుగుతుంది. పెడలును కుడి మోకాలికి ఎదురుగా పెట్టుకోండి. అది జారకుండా కింద గోనెసంచి ముక్క వేయండి. ఎడమ పాదం కింద అంతే ఎత్తు చెక్క పెట్టండి.

పాదాలు సర్దుకుంటే ప్రతి మెడనొప్పీ పోతుందని కాదు. వెలుతురు చాలకపోయినా మెడ వంగుతుంది. నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తుంది. ముసలివాళ్ళమంటారేమోనని కళ్ళజోడు వాయిదా వేస్తే ఆ భారం మెడ మోస్తుంది. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేసి, భుజాలు వెనక్కు తిప్పండి. ఎవరిచేతా మెడ విరిపించుకోకండి.

చేతుల్లోకి తిమ్మిర్లు దిగినా, కత్తెర పట్టు తప్పుతున్నా, నడక తూలుతున్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి. జ్వరంతో మెడ బిగుసుకుపోతే ఆ రోజే ఆసుపత్రికి రండి. ఛాతీలో బరువు, చెమటలతోపాటు భుజం లాగుతుంటే అది కుట్టుపని నొప్పి అనుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.