క్రొత్త నాటకమునకు తొలి ప్రేక్షకులు

ఊరి మైదానములో ‘హరిశ్చంద్ర’ ఆడుదురని తెలిసినచో, చూడబోవువారికి కథ చెప్పనక్కరలేదు. కాటి సీను ఏ వేళకు వచ్చునో, ఏ పద్యమునకు ‘వన్స్ మోర్’ అని కేక వేయవలెనో వారికి ముందే తెలిసియుండును. ఎరిగినదానిని మరల ఎరుగుటలో గొప్ప ఆనందము కలదు. దానిని తక్కువ చేయరాదు. కాని మరియొక ఆనందము కూడ కలదు. తెర లేచువరకు ఏమి జరుగునో ఎవ్వరికిని తెలియని ఆనందమది. నటునకు పూర్తిగా తెలియదు. వ్రాసినవానికి కూడ పూర్తిగా తెలియదు. ఏ మాటకు జనము నవ్వుదురో, ఏ మాటకు సభ అంతయు నిశ్శబ్దమగునో తొలి రాత్రి గాని తేలదు. క్రొత్త నాటికయు క్రొత్త నాటకమును మనకిచ్చు కానుక ఇదియే.

నర్సీపట్నము వారి ఎదుట ఈ మాట చెప్పుటకు కారణము కలదు. ఇది మైదానమునకును మన్యమునకును నడుమ గుమ్మమువంటి ఊరు. ఒక దిక్కున తాండవ నీటితో పండు వరిచేలు, చెరకుతోటలు. మరియొక దిక్కున చింతపల్లి పోవు ఘాటు రోడ్డు. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడువరకు ఇది విశాఖపట్నము జిల్లాలోనిది. ఈ ప్రాంతపు పల్లెలలో గ్రామదేవత పండుగ అనగా రాత్రి ఏదో యొక ఆట ఉండవలసినదే: తూర్పుభాగవతమో, తప్పెటగుళ్ళో, కోలాటమో, పౌరాణిక పద్యనాటకమో. చాప, దుప్పటి తెచ్చుకొని తెల్లవారువరకు కూర్చుండు ఓపిక ఇచ్చటి ప్రేక్షకునకు తాతలనాటి ఆస్తి. అంతటి ఓపికగలవాడు గంటసేపటి క్రొత్త నాటికకు రావలసి వచ్చినప్పుడు మాత్రము సంకోచించును. “పేరే వినలేదు, ఎట్లుండునో!” అనును. ఆ సంకోచము న్యాయమైనదే గాని, దానివలన మనము పోగొట్టుకొనునది కొంచెము కాదు.

ఇప్పుడు మనము పాతవి అని గౌరవించు నాటకములన్నియు ఒకనాడు పేరు వినని క్రొత్త నాటకములే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880లో రాజమహేంద్రవరమున ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించినప్పుడు, వకీళ్ళను, కోర్టు వ్యవహారములను రంగస్థలముపై చూచుట జనమునకు క్రొత్త. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున మొదటిసారి ప్రదర్శింపబడినది. ఇంటిలో, వీధిలో మాటలాడుకొను భాషయే రంగస్థలముమీద వినబడినప్పుడు ఆనాటి సభాసదులకు కలిగిన ఆశ్చర్యమును మనము నేడు ఊహించుకొనవలసినదే. గురజాడవారు అంతటితో తృప్తిపడలేదు. ఆ నాటకమును చాలవరకు తిరిగి వ్రాసి, 1909లో రెండవ కూర్పుగా వెలువరించిరి. నేడు మనమెరిగిన గిరీశము, మధురవాణి ఆ కూర్పులోనివారే. అటుపిమ్మట 1953 ప్రాంతమున జె.వి.సోమయాజులు, జె.వి.రమణమూర్తి సోదరులు విజయనగరము నుండియే దానిని పూని ఊరూర ప్రదర్శించిరి. పుస్తకముగా చదువుకొను నాటకమును మరల వేదిక యెక్కించిన కీర్తి వారిది. ఒక క్రొత్త నాటకము నిలదొక్కుకొనుటకు రచయిత పట్టుదల, నటుల శ్రమ, చూచువారి ఓర్పు మూడును ఎన్ని యేండ్లు కలిసి పనిచేయవలసి యున్నదో చూడుడు.

ఇది మన దేశమునకే పరిమితమైన సంగతి కాదు. రష్యాలో చెహోవ్ వ్రాసిన ‘సీగల్’ నాటకము 1896లో పీటర్సుబర్గు నగరమున మొదటిసారి ఆడినప్పుడు సభలోనివారు గేలిచేసిరి. రచయిత మనస్సు విరిగి, ఇక నాటకము వ్రాయననుకొనెను. రెండేండ్లకు, 1898లో, మాస్కో ఆర్టు థియేటరువారు దానిని తగిన రిహార్సళ్ళతో, తగిన నెమ్మదితో ప్రదర్శింపగా అదే నాటకము ఘనవిజయము పొందినది. ఆ సముద్రపక్షి బొమ్మయే ఆ నాటకశాలకు చిహ్నమైనది. వ్రాత మారలేదు, ఆడినవారు, చూచినవారు మారిరి. తొలి ప్రేక్షకుని చేతిలో ఎంత బరువైన బాధ్యత కలదో ఈ ఒక్క ఉదాహరణము చాలును.

ఇప్పుడు నాటికను, నాటకమును వేరుచేసి చూతము. నాటిక పొట్టిదైన నాటకము కాదు. దాని స్వభావమే వేరు. దానికి ఉన్నది ఇంచుమించు ఒక గంట. ఒక గది, లేక ఒక వీధియరుగు, నలుగురైదుగురు మనుష్యులు. తెర లేచిన అయిదు నిమిషములలో వీరెవరో, ఎవరికెవరు ఏమగుదురో, ఎచ్చట నొప్పి కలదో తెలియవలెను. పక్కకు పోవుటకు వ్యవధి లేదు. అందువలన మంచి నాటికలో ప్రతి వస్తువు పనిచేయును. గోడకు తగిలించిన పటము, మంచము క్రింది ట్రంకుపెట్టె, ఇంకను రాని ఉత్తరము, ఇవియే పాత్రలగును. చివరకు ఒక తలుపు తెరుచుకొనును, లేక మూసికొనును. అంతటితో తెర పడును. మిగిలిన కథను ఇంటికి పోవుచు మనమే పూర్తిచేసికొందుము.

ఐర్లండు రచయిత సింజ్ వ్రాసిన ‘రైడర్సు టు ది సీ’ అను ఏకాంకిక 1904లో డబ్లిను నగరమున ప్రదర్శింపబడినది. సముద్రము ఒక తల్లి బిడ్డలను ఒక్కరొక్కరినే హరించుటయే దాని కథ. సముద్రము మాత్రము రంగస్థలముమీద కనబడదు. ఒక వంటగది, చనిపోయినవాని బట్టల మూట, గుమ్మములో గాలి, అంతే. కొద్దిలో కొండంత చూపుట అనగా ఇది. మన ఉత్తరాంధ్రములోనే పార్వతీపురము ప్రాంతమునుండి వచ్చిన గణేశ్ పాత్రోగారి ‘కొడుకు పుట్టాల’ మరియొక తార్కాణము. మగపిల్లవాడు కావలెనన్న ఆశ ఒక బీద సంసారమును ఏమి చేయునో ఆ నాటిక ఈ నేలమాటలోనే చెప్పినది. ఉపన్యాసమున విన్నచో అది ఒక మంచి సలహా. నాటికలో చూచినచో మన పొరుగింటివారి గొంతు. పాత్రోగారు తరువాత చలనచిత్రములకు మాటలు వ్రాసి పేరుపొందిరి గాని, ఆ కలమునకు పదును పెట్టినది రంగస్థలమే. విశాఖపట్నమున న్యాయవాదిగా నుండిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారును కథలతో ఆగక ‘నిజం’ నాటకము వ్రాసిరి. కోర్టు గుమ్మమున నిత్యము విను మాటలకు రంగస్థలముపై ఎంత బలమో ఆయనకు తెలియును.

నాటకమునకు, అనగా రెండు గంటలు, అంతకుమించియు నడచు సంపూర్ణ నాటకమునకు, మరియొక బలము కలదు. అది కాలము. మనిషి మారుట ఒక గంటలో చూపిన నమ్మబుద్ధి కాదు. మొదటి అంకములో గర్వించినవాడు మూడవ అంకములో తల వంచినప్పుడు మనము ఆ దూరమంతయు వానితో నడచి వచ్చినవారమగుదుము. ఆచార్య ఆత్రేయగారి ‘ఎన్.జి.వో.’లో చాలీచాలని జీతముతో సంసారమీదు గుమాస్తా బ్రదుకును ఆనాటి మధ్యతరగతివారు తమ ఇంటి లెక్కవలె చూచుకొనిరి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో వ్రాసిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి దళములు పల్లెపల్లెకు కొనిపోగా, ప్రభుత్వము దానిని నిషేధించినది. నాటకము నిజముగా జనమునకు తగిలినదనుటకు అంతకన్న సాక్ష్యము అక్కరలేదు. ఇటీవలి కాలమున పాటిబండ్ల ఆనందరావుగారి ‘పడమటి గాలి’ ప్రకాశం జిల్లా పల్లెమాటతో, మారుచున్న సేద్యమును, దూరదేశపు ఆకర్షణను, వాని నడుమ నలుగు బంధములను విస్తరించి చూపినది. ఇట్టిది గంటలో ఇముడదు. ఊరు మారుట చూపుటకు ఊరంత విస్తీర్ణము కావలెను.

రేడియో కలిగిన కుటుంబములవారికి ఈ విషయమున ఒక అనుకూలము కలదు. 1963లో విశాఖపట్నమున ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన నాటినుండి ఈ ప్రాంతపు ఇండ్లలో నాటిక వినుట అలవాటైనది. రేడియో నాటికలో తెర లేదు, దీపము లేదు, వేషము లేదు, మాట ఒక్కటే. పాత్ర తడబడినదో, అబద్ధమాడుచున్నదో గొంతును బట్టియే గ్రహించు చెవి మన ఇల్లాండ్రకు, పిల్లలకు దానివలన అబ్బినది. ఆ చెవి గలవారు రంగస్థలము ఎదుట కూర్చున్నచో నటుడు ఊరక కేకలు వేసి మోసగింపజాలడు. రేడియో నాటిక విని ఆనందించు ప్రతి కుటుంబమును రంగస్థల నాటికకు సిద్ధమైన ప్రేక్షకకుటుంబమే.

ఇక నేడు క్రొత్త నాటికలు ఎచ్చట పుట్టుచున్నవి? ఎక్కువగా పరిషత్తులలో. 1929లో తెనాలియందు ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన తరువాత పోటీల సంప్రదాయము క్రమముగా ఊరూర వ్యాపించినది. రాష్ట్రప్రభుత్వపు నంది నాటకోత్సవములు 1998లో మొదలైనవి. పద్యనాటకము, సాంఘిక నాటకము, సాంఘిక నాటిక, బాలల నాటిక అని వేరువేరు శాఖలుగా బహుమతులిచ్చు పద్ధతి వానిది. 2023 డిసెంబరులో గుంటూరున ఆ ఉత్సవములు జరిగినవి. ఉద్యోగములు చేసికొనుచు, సాయంకాలములందు రిహార్సళ్ళు సాగించి, సెట్టు సామాను లారీ కెక్కించుకొని పరిషత్తు నుండి పరిషత్తునకు తిరుగు సమాజముల శ్రమ సామాన్యమైనది కాదు. ఒకే నటీమణి ఒకే రాత్రి రెండు నాటికలలో వేషము ధరించుటయు కద్దు. మొదటిదానిలో తల్లి, రెండవదానిలో కోడలు! ఆమె గ్రీన్‌రూములో చీర మార్చుకొను పది నిమిషములలో ఒక జన్మ విడిచి వేరొక జన్మ ఎత్తవలెను.

పరిషత్తు లేనిదే క్రొత్త నాటిక లేదు. ఇది ఒప్పుకొనవలసిన మాట. కాని అందులో ఒక ప్రమాదము కూడ కలదు. ముందు వరుసలోని ముగ్గురు న్యాయనిర్ణేతలకొరకు ఆడు నాటిక, వెనుకనున్న జనమును మరచును. మెరుపువంటి మలుపు, చివర ఒక్క పెద్ద కేక, కన్నీరు, చీకటి: ఇవి మార్కులు తెచ్చునను నమ్మకము రచయితల కలములను ఒకే దారికి త్రిప్పుచున్నది. బహుమతులు పంచిన మరునాటికి ఎన్నో నాటికల ప్రతులు పెట్టెలలో పడి నిద్రించును. అచ్చగునవి కొన్ని, మరల ఆడబడునవి ఇంకను తక్కువ. సంవత్సరమునకు ఇన్ని క్రొత్త నాటికలు పుట్టుచుండగా ఊరివారికి వానిలో ఒక్కదాని పేరైనను తెలియకుండుట మనకు నష్టము. ఆ నష్టమును తీర్చగలవారు న్యాయనిర్ణేతలు కారు. నర్సీపట్నమువంటి ఊళ్ళలోని ప్రేక్షకులు. పండుగకు ఆట పెట్టు పెద్దలు మూడు రాత్రులలో ఒక రాత్రి, పరిషత్తులో మెప్పుపొందిన నాటికను పిలిపించిన చాలును. దానికి రెండవ జన్మ కలుగును.

క్రొత్త నాటకము చూచుటకు పాండిత్యము అక్కరలేదు; కొన్ని చిన్న మర్యాదలు చాలును. తెర లేవకముందే వచ్చి కూర్చుండవలెను. నాటికలో తొలి అయిదు నిమిషములు పోయినచో సగము పోయినట్లే. తెలిసిన నటుడు కనబడగానే అతని పేరుతో పిలువరాదు. ఆ గంటసేపు అతడు మన ఊరివాడు కాడు. ఆట నడుమ సెల్‌ఫోను మ్రోగుట నటునకు చెంపదెబ్బతో సమానము. అన్నిటికన్న ముఖ్యము, ఆట ముగిసిన పిమ్మట బాగున్నది, బాగులేదు అని ఒక్క మాటతో లేచిపోక, ఎచ్చట నమ్మితిమో, ఎచ్చట నమ్మలేకపోతిమో నటులతో, రచయితతో చెప్పుట. “ఆ తండ్రి అంత త్వరగా క్షమించునా?” అని ఒక ముసలి రైతు అడిగిన ప్రశ్న, రచయితకు పది ప్రశంసాపత్రములకన్న మేలు చేయును. రేపటి ప్రదర్శనలో ఆ సన్నివేశము మారవచ్చును. అప్పుడు ఆ నాటికలో ఆ రైతునకును భాగమున్నట్లే.

చివరగా ఒక కోరిక. ఈ ఊరినుండి కృష్ణదేవిపేట ఎంతో దూరము లేదు. అచ్చటనే అల్లూరి సీతారామరాజు సమాధి కలదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషనులపై ఆయన అనుచరులతో వరుసగా మూడు దినములు దాడి సలిపిన సంగతి చలనచిత్రమువలన లోకమెరుగును. కాని ఆ రాత్రులలో తలుపు బిగించుకొని కూర్చున్న ఇల్లాలి భయమును, తుపాకి చేతబట్టియు మనస్సొప్పని చిన్న జవాను కలతను చూపుటకు పెద్ద తెర అక్కరలేదు. ఒక గదియు నలుగురు మనుష్యులును చాలును. నేటి సంగతులకు మాత్రము కొరత యేమి? చింతపల్లి కొండలలో కాఫీ పండించు రైతు, పట్టణపు హాస్టలులో తన భాషను దాచుకొను కొండబిడ్డ, చెరకు మాని జీడితోట వేయవలెనా అని తర్జనభర్జన పడు అన్నదమ్ములు! వీరెవ్వరును ఇంకను తగినంతగా వేదిక యెక్కలేదు. వీరిని వ్రాయగల యువకుడో యువతియో ఈ ఊరి యే వీధిలోనో ఇప్పుడు మొదటి పుట చించివేసి రెండవసారి మొదలుపెట్టుచుండవచ్చును.

ఆ నాటిక సిద్ధమైన రాత్రి దానికి కావలసినది పెద్ద హాలు కాదు, బంగారు నంది కాదు. ఎదుట కూర్చుండి, ముందేమి జరుగునో అని ఊపిరి బిగబట్టి చూచు నూరుగురు మనుష్యులు. వారిలో మనమును ఉందుము గాక.