పుచ్చకాయ తిన్నాక తొక్క పారేయొద్దు! ఊరిబిండి చేద్దాం

బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడింగ్ చేసి, ఇప్పుడు అవుకులో ఇలా కెమెరా ముందు కూర్చున్నా. ఈరోజు టాపిక్ చెత్తబుట్టలోకి పోయే పండ్ల తొక్కలు.

మొన్న ఇంట్లో కలింగరకాయ కోశాం, అదేనండీ పుచ్చకాయ. తొక్కలు కవర్లో వేస్తుంటే అవ్వ అడిగింది: "బీరకాయ తొక్కు పారేయం కదా, దీన్నెందుకు పారేసేది?"

ఆలోచిస్తే కరెక్టే! పుచ్చ, బీర, దోస, సొర అన్నీ ఒకే కుటుంబం. ఎర్ర గుజ్జుకీ ఆకుపచ్చ చెక్కుకీ మధ్య ఉండే తెల్ల భాగం రుచిలో దోసకాయకి దగ్గర. సొంత రుచి తక్కువ కాబట్టి పులుపు, కారం బాగా పట్టుకుంటుంది. ఇందులో సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఉంటుంది. 1914లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని పుచ్చకాయ నుంచే వేరు చేశారు. అలాగని ఇది మందేం కాదు, కూరగాయ అనుకోండి చాలు.

ఎలా చేయాలంటే: కాయని కోయకముందే బాగా కడగండి. లేదంటే పైన ఉన్న మట్టి, క్రిములు కత్తితో పాటు లోపలికి పోతాయి. ఆకుపచ్చ చెక్కు తీసేసి, తెల్ల భాగం రెండు కప్పుల ముక్కలు చేయండి. అరకప్పు శనక్కాయ విత్తనాలు వేయించి పక్కన పెట్టండి. అదే బాణలిలో నూనె వేసి ఆరు పచ్చిమిరపకాయలు, ముక్కలు వేయించండి. నీళ్లు మొత్తం ఇగిరిపోవాలి, ఇదే అసలు పాయింట్. తొందరపడితే ఊరిబిండి జారుడైపోతుంది. చల్లారాక చింతపండు, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు వేసి, బరకగా రుబ్బి తిరగవాత పెట్టండి. జొన్నరొట్టెలోకి సూపర్! ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయండి.

ఒక్క హెచ్చరిక. పక్కనే బనగానపల్లె, 2017లో జీఐ గుర్తింపు వచ్చిన మామిడి ఊరు. ఆ ఊపులో నేను మామిడి తొక్కతో కూడా ట్రై చేశా. సాయంత్రానికి పెదాల చుట్టూ ఒకటే దురద! మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం. ఆ సొనలోని పదార్థాలు కొందరికి పడవు. నాకు పడలేదు. "తొక్క ఏదైనా తినొచ్చు" అని ఇంతకుముందు మీకు చెప్పాను కదా, అది తప్పు. సారీ.

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే. అదంతా మనం ఆపలేం గానీ, మన ఇంటి కవర్ బరువు తగ్గించొచ్చు కదా?

చేసి చూసి, ఎలా వచ్చిందో చెప్పండి. ఉంటా మరి!